అలలు చెప్పే లెక్క
క్వాంటం కంప్యూటర్ అంటే అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి చూసే యంత్రమని మన పిల్లలకు చెబుతున్నాం. ఆ మాట తప్పు, మానుకోవాలి. మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే 0, లేదా 1. క్వాంటం కంప్యూటర్‌లోని క్యూబిట్ ఆ రెండింటి కలయికగా ఉండగలదు, నిజమే. కానీ కొలిచిన క్షణాన అదీ 0గానో 1గానో తేలిపోతుంది, మిగతాదంతా పోతుంది. మరి లాభమేమిటి? చెరువులో రెండు రాళ్లు వేసి చూడండి. అలలు కలిసినచోట కొన్ని ఎత్తుగా లేస్తాయి, కొన్ని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. క్వాంటం లెక్కలోనూ అంతే: తప్పు జవాబుల అలలు చెరిగిపోయి, సరైన జవాబు అల పైకి లేచేలా లెక్కను అల్లడమే అసలు విద్య. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడానికి 1994లో పీటర్ షోర్ అలాంటి పద్ధతినే అల్లాడు. ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి భద్రత ఆ విడగొట్టడంలోని కష్టం మీదే నిలబడి ఉంది. ఇలా అల్లిక కుదిరే లెక్కలు ఇప్పటికి కొన్నే. జీతాల పట్టీ వేయడానికి ఈ యంత్రం అక్కర్లేదు. అమరావతికి 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రం తెస్తామని 2025లో ప్రకటించారు. సంతోషం. దానికంటే ముందు మన డిగ్రీ కాలేజీల్లో లీనియర్ ఆల్జీబ్రా, క్వాంటం ఫిజిక్స్ గట్టిగా చెప్పగల అధ్యాపకులను నియమించండి.