చార్మినార్ చుట్టూ ఓకే.. మరి చార్మినార్ దాకా నడిచేదెలా?

చార్మినార్ ముందు సెల్ఫీ దిగాలంటే ఒకప్పటిలా బస్సులు, ఆటోలు అడ్డు రావు. కట్టడం చుట్టూ రాళ్లు పరిచి, ఆ కాస్త జాగాను నడిచేవాళ్లకు వదిలేశారు. చార్మినార్ పెడెస్ట్రియనైజేషన్ ప్రాజెక్ట్ అని ఏళ్ల తరబడి వింటున్నాం కదా.. కంటికి కనిపించే ఫలితం ఇదే. 1591 నాటి కట్టడానికి పొగ, హారన్ల గోల కొంత తగ్గింది. ఇంతవరకు మంచి పనే.

అసలు చిక్కంతా అక్కడికి చేరుకోవడంలోనే ఉంది.

మదీనా దగ్గర దిగి పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్ మీదుగా వెళ్తే కిలోమీటర్ కూడా ఉండదు. పత్తర్‌గట్టీ షాపుల ముందు రాతి కమాన్లతో వరండాలున్నాయి. ఎండయినా వానయినా నీడన నడిచిపోవచ్చు. ఇలాంటి ఫుట్‌పాత్ హైటెక్ సిటీలో కూడా దొరకదు! కానీ వరండాలో సరుకు, దాని ముందు పార్కింగ్, ఆ పక్కనే ట్రాఫిక్. పిల్లాడి చెయ్యి పట్టుకున్న తల్లి రోడ్డు మీదకి దిగాల్సిందే. ఇక వీల్‌చైర్ సంగతి అడగొద్దు.

అంటే తోపుడు బండ్లవాళ్లను ఖాళీ చేయిస్తే సరిపోతుందా? ఈ మాట చాలామంది ఈజీగా అనేస్తారు. గాజులు, అత్తర్లు, పండ్లు అమ్మేవాళ్లు లేకపోతే ఈ బజారుకి వచ్చేదెవరు? వీధి వ్యాపారులకు సర్వే చేసి, సర్టిఫికెట్లిచ్చి, జోన్లు కేటాయించాలని 2014 చట్టమే చెబుతోంది. ముందు తీయాల్సింది గంటల తరబడి ఆగి ఉండే కార్లు, బైకుల్ని.

ఇది సాధ్యం కాదనడానికీ లేదు. రంజాన్ చివరి శుక్రవారం నమాజ్ కోసం మదీనా-చార్మినార్ రోడ్డులో కొన్ని గంటలు బండ్లు ఆపేస్తారు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారుల హెరిటేజ్ వాక్ కోసమూ ఇక్కడ ట్రాఫిక్ మళ్లించారు. ఫుట్‌పాత్ మీద నడవడం ఆర్టికల్ 21 కిందకొచ్చే హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే నెలలో. అతిథులకి ఒక సాయంత్రం దొరికిన దారి, రోజూ షాపింగ్‌కి వచ్చే జనానికి ఎందుకు దొరకదు?

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే మెట్రో లైన్‌లో చార్మినార్ పేరుతో స్టేషన్ ప్లాన్ చేశారు. అది కట్టడాన్ని ఆనుకుని ఉండదు. రైలు దిగినవాళ్లు మిగతా దూరం నడవాల్సిందే. పిల్లర్లు లేచాక కాదు, ఆ నడక దారి ఎటు నుంచో ఇప్పుడే గీసి చూపించాలి.