యురేనస్‌కి పోస్టింగ్ కావాలి

జోల్వాకి వచ్చి రెండేళ్ళు కాలేదు, నాన్నగారికి మళ్ళీ బదిలీ. ఊరు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. యురేనస్ విషయంలో మనుషుల పరిస్థితి ఇంతకన్నా అధ్వానం. అక్కడికి వెళ్ళింది వాయేజర్ 2 ఒక్కటే. అదీ 1986 జనవరి 24న, మన స్టేషన్‌లో ఆగని ఎక్స్‌ప్రెస్‌లా దాటిపోయింది. ఆ గ్రహానికి ఒక సంవత్సరం అంటే మనకి 84 ఏళ్ళు. పైగా పక్కకి పడుకుని తిరుగుతుంది. దాని రుతువులు కొన్ని గంటల్లో ఏం తెలుస్తాయి?

అందుకే అక్కడే ఉండి చుట్టూ తిరిగే ఆర్బిటర్‌ను పంపాలని 2022లో అమెరికా శాస్త్రవేత్తలు అన్నిటికన్నా ముందు కోరారు. 2031-32లో బయలుదేరితే బృహస్పతి ఊతంతో సుమారు 13 ఏళ్ళ ప్రయాణం.

అంత దూరం మనకెందుకు అంటే నేనొప్పుకోను. 1977 మార్చి 10న యురేనస్ అడ్డు రాకముందే ఒక నక్షత్రం మసకబారింది. అలా వలయాలు బయటపడ్డాయి. వాటి జాడ తమిళనాడులోని కావలూరు వేధశాలలోనూ కనబడింది. దాన్ని నెలకొల్పిన వైను బప్పు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవారే.

ప్లాను వేసినవాళ్ళలో చాలామంది అది చేరేనాటికి రిటైరవుతారు. నాన్నగారు చార్జి అప్పగించేముందు, తరవాత వచ్చేవారికి అన్నీ రాసిపెడతారు. వీళ్ళూ అలాగే రాసిపెట్టాలి. ఆ చార్జి తీసుకోవలసింది ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న మనమే. 2045కి నాకు ముప్పై మూడేళ్ళు.