యూరియా బస్తా విప్పితే గ్యాసు లెక్క

నారాయణరావుపేటలో యూరియా లోడు దిగిందన్న మాట చెవిన పడితే చాలు, నాట్లేసే మడి వదిలి మరీ రైతులు కదులుతరు. 2025 వానాకాలంలో రాష్ట్రమంతటా చూసిందే గదా. తెల్లవారక ముందే సొసైటీల ముందు వరుసలు, మనిషికి బదులు చెప్పులు, పాసుబుక్కుల జిరాక్సులు. ఆ వరుసలో నిలబడ్డ రైతుకు ఒక్క మాట చెప్పాలి. మనం ఎదురుచూసింది ఎరువు కోసమే అయినా, అసలు కొరత గ్యాసుతో ముడిపడి ఉంది.

'సహజ వాయువు నిక్షేపాల అభివృద్ధి' అని పేపర్ల వస్తే మనం పేజీ తిప్పేస్తాం. అది కాకినాడ సముద్రం సంగతి, పెద్ద కంపెనీల సంగతి అనుకుంటాం. అక్కడే పొరపాటు. సహజ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. దాన్ని నీటి ఆవిరితో కలిపి బాగా వేడి చేస్తే ఉదజని వస్తుంది. ఉదజనికి గాలిలోని నత్రజని కలిపితే అమ్మోనియా. అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు కలిపితే యూరియా. ఒక్క 45 కిలోల బస్తా తయారు కావాలంటే సుమారు 25 ఘనపు మీటర్ల గ్యాసు పోతుంది. వంటింటి లెక్కన చెప్పాలంటే ఒకటిన్నర సిలిండరు ఇచ్చే వేడి. 266 రూపాయల 50 పైసలకు మన చేతికి వచ్చే బస్తా వెనక ఇంత ఉంది. మిగతా ఖర్చంతా సబ్సిడీగా ఖజానా మోస్తున్నది.

రామగుండం నేర్పిన పాఠం

రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అది గ్యాసుతో కాదు, బొగ్గుతో నడిచేది. పక్కనే సింగరేణి ఉన్నా అది నిలదొక్కుకోలేకపోయింది. సాంకేతిక ఇబ్బందులు, కరెంటు కోతలు, నష్టాలు కలిసి 1999లో మూతపడింది. దాన్ని గ్యాసుతో నడిచే కొత్త కర్మాగారంగా తిరిగి కట్టడానికి 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరిగింది మన గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. అందులో రాష్ట్ర ప్రభుత్వానికీ 11 శాతం వాటా ఉంది. కాకినాడ వైపు మల్లవరం నుంచి వచ్చే పైపులైను దానికి ఊపిరి. పైపులో గ్యాసు ఆగితే రామగుండం ఆగుతుంది, మన దగ్గర సొసైటీ గోదాము ఖాళీ అవుతుంది.

మరి ఆ గ్యాసు ఎక్కడిది? దేశానికి కావలసిన గ్యాసులో దాదాపు సగం ఓడల మీద ద్రవరూపంలో దిగుమతి అవుతున్నది. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆ ధర ఎట్లా ఎగిరిందో ప్రపంచమంతా చూసింది. గ్యాసు దొరికినా, యూరియా అంతా ఇక్కడే తయారు కాదు. కొంత బయట నుంచే తెస్తాం. 2025లో చైనా ఎగుమతులు బిగబట్టేసరికి, ఓడలు ఆలస్యమయ్యేసరికి మన వరుసలు పెరిగినయి. ఎక్కడో సముద్రం అవతల జరిగిన దానికి ఎకరం రైతు ఇక్కడ వరి మడిలో మూల్యం చెల్లించాడు.

అందుకే దేశంలో ఉన్న గ్యాసును బయటికి తీయాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే భూమిలో ఉన్నదంతా చేతికి వచ్చినట్లే అనుకోవద్దు. కృష్ణా గోదావరి బేసిన్ డీ6 క్షేత్రం 2009 ఏప్రిల్‌లో మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. దాన్ని నమ్ముకొని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కరెంటు ప్లాంట్లు లేచినయి. నాలుగేళ్లు తిరగకముందే ఉత్పత్తి నాలుగో వంతుకు పడిపోయింది, ఆ ప్లాంట్లు పడావు పడ్డయి. 2020 డిసెంబరు నుంచి లోతు సముద్రంలో కొత్త బావులు మొదలై మళ్లీ కోలుకుంది. బోరు వేసిన రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. మొదటి రోజు మూడించుల నీళ్లు పోసిన బోరు మూడో ఏడు ఎంత పోస్తుందో ఎవరికి తెలుసు?

బొగ్గు పొరల గ్యాసు, పలకరాయి గ్యాసు

ఇప్పుడు కొత్త రకం గ్యాసుల మాట వినబడుతున్నది. బొగ్గు పొరల్లో ఇరుక్కున్న మీథేన్ ఒకటి. పశ్చిమ బెంగాల్‌లో రాణిగంజ్ దగ్గర దాన్ని తీస్తున్నరు. మన గోదావరి లోయ బొగ్గు పొరల మీదా 2000ల దశకంలోనే చూపు పడింది. రెండోది షేల్ గ్యాసు, అంటే పలకరాయి పొరల్లో ఉన్నది. దాని మీద కేంద్రం 2013లో ఒక విధానం, 2018లో ఇంకొకటి ప్రకటించింది. మన సిద్దిపేట కింద ఉన్నది గట్టి నల్లరాయి గనుక ఇక్కడ ఇవి దొరకవు. బోరు ఎండినా మనకు గ్యాసు రాదు! కానీ గోదావరి ఒడ్డు రైతుకు రేపు ఈ ప్రశ్న ఎదురు కావచ్చు.

బొగ్గు పొర గ్యాసు రావాలంటే ముందుగా ఆ పొరలోని నీటిని తోడి పారేయాలి. ఆ నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటయి. షేల్ గ్యాసుకు నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి గట్టి ఒత్తిడితో రాయిని పగలగొట్టాలి. ఒక్కో బావికి కోటి లీటర్లకు పైనే నీళ్లు పడతయి. వినడానికి భయం పుట్టే లెక్క. కానీ నిజాయితీగా చూస్తే అది రెండు మూడెకరాల వరి పంట తాగే నీళ్లే. కాబట్టి లోపలికి పోయే నీళ్ల కన్నా తిరిగి పైకి వచ్చే నీళ్లు ఎటు పోతయి అన్నదే అసలు ప్రశ్న. వాగులో కలిపితే ఆ ఆయకట్టు గతి ఏంది?

పైపు కింద పోయిన గుంటలు

గ్యాసు ఎక్కడ తీసినా పైపు మాత్రం చిన్న రైతు చేను మీదుగానే పోతుంది. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం భూమి పట్టా మనదే, వాడుకునే హక్కు వాళ్లది. ఆ హక్కుకు ఇచ్చేది నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం. పంటకు, చెట్లకు జరిగిన నష్టం వేరుగా కడతరు. ఆ పట్టీ మీద పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు. చతురస్రంగా ఉన్న ఎకరం చేను మధ్యలో 20 మీటర్ల పట్టీ పోతే 12 గుంటలు దాని కిందికి వస్తయి. ఇరవై ఎకరాల ఆసామికి అదొక మూల. ఎకరం రైతుకు మూడో వంతు. బోరు వేసే జాగ అదే అయితే చేనంతా పోయినట్టే లెక్క.

ప్రమాదం సంగతీ మరవొద్దు. 1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడిలో బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో పైపు పేలి 20 మందికి పైగా చనిపోయినరు. కొబ్బరి తోటలు నిలువునా కాలినయి.

కాబట్టి మన పట్టు మూడింటి మీద ఉండాలి. మొదటిది, దేశంలో తీసిన గ్యాసులో ఎరువుల కర్మాగారాలకు ముందు వరుస. ధర పెరిగిన రోజు కూడా ఆ వరుస తప్పొద్దు. రెండోది, పైపు పట్టీకి ఒకసారి ఇచ్చే పది శాతం కాకుండా, గ్యాసు పారినన్నాళ్లూ ఏటా కౌలు లాంటి సొమ్ము. మూడోది, బావి తవ్వక ముందు చుట్టుపక్కల బోర్ల నీళ్లను పరీక్షించి, ఆ ఫలితాన్ని తెలుగులో గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. రేపు నీళ్లు చెడితే మాట్లాడటానికి ఆ కాగితమే సాక్ష్యం.

పైపులైను నోటీసు వస్తే పెట్టెలో దాయొద్దు. అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులే. పరిహారం నచ్చకపోతే జిల్లా జడ్జి దాకా పోవచ్చని చట్టంలోనే ఉంది.

మన వంతూ కొంత ఉంది. దొడ్డిలో పెంటకుప్ప నుంచి లేచిపోయేదీ మీథేనే. గోబర్ గ్యాసు గుంతలో పడితే పొయ్యికి మంట, చేనుకు ఎరువు. వరికి ముందు జీలుగ, జనుము దున్నితే యూరియా కొంత తగ్గుతుంది. ఒక్క బస్తా మిగిలితే ఓడ మీద వచ్చే ఒకటిన్నర సిలిండరు గ్యాసు మిగిలినట్టే. గ్యాసు తీయండి, మేం కాదనం. కానీ లెక్కలో మా నీళ్లు, మా గుంటలు కూడా రాయండి.