ఇంగువకు దక్కిన కీర్తి

రోహిణి కార్తెలో మా నాంపల్లి డాబా మీద మిరప పూత నిలవదు. తెల్లవారి చూస్తే కుండీల చుట్టూ తెల్లని పూలు రాలి ఉంటాయి. 2024 మే నెలాఖరున అలా రాలిన పూతను చూసి జాలిపడి, పక్క వాటాలోని అత్తయ్యగారు ఒక మందు చెప్పారు. బాగా పులిసిన మజ్జిగలో ఇంగువ కలిపి, నీళ్లతో పలచన చేసి మొదట్లో పోయమన్నారు. ఎంత ఇంగువ వేయాలని అడిగితే, "పప్పులోకి వేసినంతే నాయనా" అన్నారు. ఎందరి పప్పులోకి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

రోజు విడిచి రోజు పోశాను. ఇంతలో మృగశిర ప్రవేశించింది. ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం ఎప్పటిలాగే జనం బారులు తీరారు. మాంసాహారం ముట్టని అత్తయ్యగారు ఆనవాయితీ ప్రకారం బెల్లంలో ఇంగువ కలిపి చేసిన ఉండ ఒకటి నా చేతిలో పెట్టారు. వానలు పడ్డాయి. జూన్ మూడో వారానికి కొమ్మకొమ్మకూ పిందెలే. "చూశావా!" అన్నారావిడ. చూశాను. చూడడమే కాక కనపడిన మిత్రులందరికీ చెప్పాను కూడా.

ఒక్కటే చిక్కు. ఎదురింటి డాబా మీద, మజ్జిగ చుక్క ఎరుగని మిరప మొక్కలు రెండు సరిగ్గా అదే వారంలో కాపుకు వచ్చాయి.

పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాల్చుకోవడం మిరప స్వభావం. వాతావరణం చల్లబడితే తనంతట తానే నిలుపుకుంటుంది. మనం మందు పోసేది ఎండ ముదిరినప్పుడు, ఫలితం చూసేది వాన పడ్డాక. మధ్యలో వాన చేసిన పనికి కీర్తి ఎవరి ఖాతాలో పడుతోంది?

ఈ సందేహంతో ఉండగానే ఒక ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల రాశిలో సురపాలుని 'వృక్షాయుర్వేదం' ఆంగ్లానువాదం దొరికింది. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలోని ప్రతి ఆధారంగా నళినీ సాధలే గారు చేసిన అనువాదమది. వై.ఎల్. నెనె గారు స్థాపించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ దానిని 1996లో సికింద్రాబాదు నుండే ప్రచురించింది. వెయ్యేళ్ల నాటి గ్రంథమంటారు కదా, మా మజ్జిగకు ప్రమాణం దొరుకుతుందని ఆశగా తిరగేశాను. ఇంగువ ఉంది. అయితే అది ఉన్నది చెట్లకు పురుగు పట్టినప్పుడు వేయవలసిన పొగలో, ఆవాలు, వస, వాయువిడంగాల సరసన. మిరప అందులో ఉండే అవకాశమే లేదు. పోర్చుగీసువారు తెచ్చేదాకా మన దేశంలో మిరపకాయే లేదు! అయినా "వృక్షాయుర్వేదంలోనే చెప్పారండీ" అంటూ మిరపకు మజ్జిగ-ఇంగువ వైద్యం బోధించేవారు ఎంతమందో. పుస్తకం తెరవకుండా పొగడేవారి వల్ల పాత విద్యకు జరిగే అపకారం, వెక్కిరించేవారి వల్ల జరిగేదానికంటే ఎక్కువని నా అభిప్రాయం. వెక్కిరించేవాడు కనీసం ఋజువు అడుగుతాడు.

ఇక ఇంగువ సంగతి. మనం డబ్బాల్లో కొనే పొడిలో అసలు ఇంగువ స్వల్పం. మిగిలినదంతా మైదానో బియ్యప్పిండో, తుమ్మజిగురూ. మొదటిసారి నేను పోసింది ఆ పొడే. దానితో నా కుండీలకు చీమలూ, మట్టి మీద తెల్లని బూజూ లాభించాయి. ముద్ద ఇంగువ కోసం మొజంజాహీ మార్కెట్టు దాటి బేగంబజారు దాకా నడిచాను. ధర విన్నాక మొక్కల మీద ప్రేమ కాస్త తగ్గిన మాట నిజం. అది ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుండి రావాలి. ఏటా సుమారు 1200 టన్నుల ముడి ఇంగువ దిగుమతి అవుతోందని 2020లో ప్రభుత్వం చెప్పిన లెక్క. అదే ఏడాది అక్టోబరు 15న హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో, క్వారింగ్ గ్రామంలో తొలి మొక్క నాటారు. అంత దూరం నుండి, అంత ధర పెట్టి తెచ్చుకున్న సరుకును కుండీలో కుమ్మరించేముందు, అది పని చేస్తుందో లేదో తెలుసుకోవద్దూ?

పూత రాలకుండా ప్లానోఫిక్స్ మందును 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చొప్పున చల్లమని వ్యవసాయ నిపుణులు చెబుతారు. ఆ మందు మనకు నచ్చకపోవచ్చు. కానీ ఆ వాక్యంలో కొలత ఉంది; తప్పయితే తప్పని తేల్చవచ్చు. "పప్పులోకి వేసినంత"ను ఎవరు తేల్చగలరు? ఆవకాయకు కారమెంతో ఆవపిండి ఎంతో గిద్దెలతో సహా చెప్పే ఇల్లాళ్లు మొక్కల మందు దగ్గర మాత్రం చేతివాటానికి వదిలేస్తారెందుకో నాకు అర్థం కాదు. అది పోయాక కూడా పూత రాలితే ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. చేతివాటం మనిషితోనే పోతుంది. అత్తయ్యగారికి ఎనభై దాటాయి.

అందుకే 2025 ఏప్రిల్‌లో ఆరు మిరప కుండీలు సిద్ధం చేశాను. ఒకే నారు, ఒకే మట్టి, ఒకే ఎండ. మూడింటికి సుద్దముక్కతో సున్నా చుట్టాను. వాటికి లీటరు పలచని మజ్జిగకు ఒక గ్రాము ముద్ద ఇంగువ, తక్కిన మూడింటికి వట్టి నీళ్లు. రోజూ రాలిన పూలు లెక్కపెట్టి పాత డైరీలో రాసుకున్నాను. రెండు వారాలు గడిచినా సున్నా ఉన్నవాటికీ లేనివాటికీ తేడా కనిపించలేదు. నా అనుమానం నిజమైందన్న గర్వంతో, ఆవిడ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ కుండీ దగ్గర కూర్చున్నాను. ఇంగువ వాసన వచ్చింది. సున్నా లేని కుండీ అది. పక్కదీ అంతే.

అత్తయ్యగారిని అడిగాను.

"ఆ మూడూ ఏం పాపం చేశాయి నాయనా? నువ్వు ఆఫీసుకు వెళ్లాక వాటికీ కాస్త పోస్తున్నాను."