విన్నపమునందలి చిన్న మాట

మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో పెక్కుమంది తమ యింట మొట్టమొదట ఆంగ్లము నేర్చినవారు. అందుచేత వారికి చదువుతోపాటు మరియొక బాధ్యతయు సంక్రమించుచున్నది. తండ్రికి సెలవు కావలసినను, తల్లికి వైద్యశాలనుండి పత్రము రావలసినను, తమ్మునికి విద్యార్థివేతనము కావలసినను, ఆ విన్నపమును ఆంగ్లమున వ్రాయు పని వీరిదే యగుచున్నది. పెద్దలు చెప్పుదురు, పిల్లలు వ్రాయుదురు, పెద్దలు క్రింద చేవ్రాలు చేయుదురు. తాను చదువలేని మాటలకు బిడ్డను నమ్మి చేవ్రాలు చేయు ఆ తండ్రికి మనము బాకీపడిన దేమి? ఈ వ్యాసమున నేను విచారింపదలచిన సంగతి యిదియే. అందులకై ఆంగ్లవ్యాకరణమునందు సబ్‌జంక్టివ్ మూడ్ అనబడు ఒక చిన్న విషయమును గైకొనుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట నే నెరిగిన యొక గ్రామమున జరిగిన సంగతి చెప్పెదను. ఒక రైతు తన కుమారునికి చదువు జీతము మాఫీ చేయవలసినదని యొక కార్యాలయమునకు అర్జీ పంపుకొనెను. వ్రాసినవాడు ఆ బాలుడే. నిఘంటువు వెదకి ఘనమైన మాట యని తలచి, "ఐ ఇన్సిస్ట్ దట్ మై సన్ ఈజ్ ఎగ్జెంప్టెడ్ ఫ్రమ్ ఫీజ్" అని వ్రాసెను. గుమాస్తా దానిని చదివి, "నా కుమారునికి ఇదివరకే మాఫీ యైయున్నది, ఇది ముమ్మాటికి నిజము" అని యర్థము చేసికొనెను. పుస్తకములు తిరుగవేసి చూచెను. అట్టి యుత్తరువు కనబడలేదు. కనబడలేదని వ్రాసి అర్జీని త్రిప్పి పంపెను. అది యిల్లు చేరునప్పటికి గడువు దాటిపోయెను. ఆ యేటి జీతము కట్టుటకు ఆ రైతు ఒక పెయ్యను అమ్ముకొనెను.

గుమాస్తా తప్పు చదువలేదు. వ్రాసిన మాట కున్న యర్థమునే చదివెను. అచ్చట ఈజ్ అనుటకు బదులు బి అని యున్నచో, ఆ వాక్యము కోరిక యని తెలిసియుండెడిది. ఇన్సిస్ట్ అను పదము విన్నపమునకు తగినది కాదు. అది పట్టుబట్టువాని మాట. దానికి బదులు రిక్వెస్ట్ అని, "ఐ రిక్వెస్ట్ దట్ మై సన్ బి ఎగ్జెంప్టెడ్ ఫ్రమ్ ఫీజ్" అని వ్రాసియున్న యెడల వినయమును నిలిచెడిది, పనియు జరుగుట కవకాశ ముండెడిది.

ఈ భేదమునకు మూలము మిక్కిలి సులభము. ఈజ్ అనునది ఉన్నదానిని చెప్పును. ఈ బి అనునది ఇంకను లేనిదై, కావలయునని కోరబడుదానిని చెప్పును. విన్నపము చేయువాడు లేనిదానిని కోరుచున్నాడు గాని ఉన్నదానిని చాటుట లేదు. కాబట్టి సబ్‌జంక్టివ్ అనునది అలంకారము కాదు. సత్యమును కోరికను వేరుపరచు గట్టు.

ఇది మనకు క్రొత్త యని భయపడనక్కరలేదు. తెలుగున "సెలవు ఇచ్చినారు" అనుటకును, "సెలవు దయచేయవలయును" అనుటకును గల భేదము చిన్నబిడ్డ యెరుగును. "చిత్తగింపవలెను" అని మన తాతలు ఉత్తరములలో వ్రాసినది ఈ తెరంగు మాటయే. సంస్కృతమున పాణిని లిఙ్ అను క్రియారూపమునకు చెప్పిన యర్థములలో విధి యొకటి, ప్రార్థన యొకటి; గౌరవముతో నొకరిని ఒక పనికి పూనుకొనుమని వేడుటకు అధీష్ట మని వేరుగ పేరిడినాడు. ఆజ్ఞ వేరు, మర్యాదతోడి వేడికోలు వేరు అని మన పూర్వులు అంత సూక్ష్మముగ నెరిగియుండిరి. మరియు 1611 నాటి ఆంగ్ల బైబిలునందలి పరలోకప్రార్థనలో మొదటి మూడు విన్నపములును ఈ సబ్‌జంక్టివ్ రూపమునందే యున్నవి. తెలుగున ఆ చోట్ల "గాక" అను మాట వచ్చును. ఆ ప్రార్థనను ఆంగ్లమున వల్లించువారు పేరు తెలియకయే యీ రూపమును నిత్యము వాడుచున్నారన్నమాట.

ఇక దీని వాడుక యెట్టిదో క్లుప్తముగ చెప్పెదను. రిక్వెస్ట్, ఆస్క్, సజెస్ట్, రికమెండ్, ప్రపోజ్ మొదలగు కోరిక తెలుపు క్రియల తరువాత దట్ వచ్చి, దాని వెనుక మరియొక క్రియ వచ్చినప్పుడు, ఆ రెండవ క్రియ మార్పులేని మూలరూపమున నుండవలయును. కర్త యేకవచన మైనను ఎస్ చేరదు: "ఐ రిక్వెస్ట్ దట్ మై డాటర్ సిట్ నియర్ ది బోర్డ్." మొదటి క్రియ గతకాలమందున్నను రెండవది మారదు: "ది డాక్టర్ అడ్వైజ్డ్ దట్ షి రెస్ట్ ఫర్ ఎ వీక్." వలదని చెప్పునప్పుడు డు, డజ్ అనునవి రావు, నాట్ అను నొక్క మాటయే చాలును: "ఐ రిక్వెస్ట్ దట్ మై సన్ నాట్ బి ఫైన్డ్." అయితే థింక్, బిలీవ్, నో మొదలగునవి ఉన్నదానిని చెప్పు క్రియలు. వాని తరువాత నీ రూపము చెల్లదు.

ఇదియొక్కటియే మార్గమనుట లేదు. "ఐ రిక్వెస్ట్ యు టు గ్రాంట్ మి లీవ్" అనుటయు నిర్దుష్టమే. "లీవ్ షుడ్ బి గ్రాంటెడ్" అని దట్ తరువాత వ్రాయుట బ్రిటన్ వారికి వాడుకయే. దోషము రెండు మార్గములను కలిపి "ఐ రిక్వెస్ట్ యు దట్" అనుటయందును, క్రియకు ఫర్ తగిలించి "ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్" అనుటయందును గలదు. "ఐ కైండ్లీ రిక్వెస్ట్" అని వ్రాయువారును ఆలోచింపవలయును. అచ్చట దయ యెవరిది? అడుగువానిది కాదుగదా, ఇచ్చువారిది. కనుక కైండ్లీ అనుమాట ఇచ్చుట యను క్రియ ప్రక్క నుండవలయును గాని అడుగుట ప్రక్క గాదు.

కొందరు, "ఇది చచ్చిన వ్యాకరణము, దొరలే విడిచిపెట్టినదానిని మన పిల్లల నెత్తిన రుద్దనేల?" అని యడుగుచున్నారు. ఈ మాటకు కొంత యాధారము కలదు. 1926లో ఫౌలర్ పండితుడు తన ఆంగ్లప్రయోగ నిఘంటువున, కొన్ని చోట్ల తప్ప ఈ రూపము అవసానదశలో నున్నదనియే యభిప్రాయపడెను. అయినను అది చావలేదు. 1961లో అచ్చయిన రచనలనుండి అమెరికా ఆంగ్లము పదిలక్షల మాటలు, బ్రిటన్ ఆంగ్లము పదిలక్షల మాటలు కూర్చి పండితులు పోల్చిచూడగా, అమెరికావారు దీనిని ధారాళముగ వాడుచుండిరనియు, బ్రిటన్ వారు ఎక్కువగ షుడ్ రూపమునే పట్టుకొనియుండిరనియు తేలెను. తరువాతి దశాబ్దములలో బ్రిటన్ యందును దీని వాడుక మరల హెచ్చెను.

దూరదేశముల మాట యేల? మన లోక్‌సభయందు ఒక బిల్లును ప్రవేశపెట్టునపుడు ఆంగ్లమున సభ ముందుంచబడు ప్రశ్న "దట్ లీవ్ బి గ్రాంటెడ్" అను మాటలతో నారంభమగును. బిల్లు ఆమోదము పొందవలసినపుడు "దట్ ది బిల్ బి పాస్డ్" అని ప్రశ్న యుంచబడును. అచ్చట లీవ్ అనగా అనుమతి, మన పిల్లల లేఖలో లీవ్ అనగా సెలవు; అయినను వాక్యపు కట్టు ఒక్కటియే. దేశమునకు శాసనము చేయు మంత్రియు, జ్వరముచే రెండుదినములు సెలవు కోరు బాలుడును ఒకే మాటతో నడుగుచున్నారు. ఇద్దరును అడుగువారే, ఇచ్చుట యితరుల చేతిలో నున్నది. ఆ సంగతిని బి అను ఒక్క అక్షరపు మాట నమ్రతతో నొప్పుకొనుచున్నది.

మరికొందరు, "తెలుగు దేశమున తెలుగుననే అర్జీ వ్రాయరాదా?" అందురు. వ్రాయవచ్చును, ఎచ్చట చెల్లునో అచ్చట తప్పక వ్రాయవలయును. కాని ఆంగ్లము తప్పని కార్యాలయములు నేటికిని కలవు. అచ్చట బీదవాని పక్షమున మాటలాడునది అతని బిడ్డ వ్రాసిన కాగితమే. ధనవంతునకు వ్రాసిపెట్టువారు దొరకుదురు, తప్పు వ్రాసినను దిద్దువారు దొరకుదురు. బీదవానికి ఆ బిడ్డ కలమే వకీలు. అందుచేతనే ఈ రూపమును పై తరగతులలో పరీక్షకొరకు వల్లింపజేయుటకంటె, లేఖారచన నేర్పు మొదటి యేటనే నేర్పవలయునని నా యభిప్రాయము.

ప్రియ విద్యార్థులారా! మీకొక్క మనవి. నాన్నగారు గాని అమ్మగారు గాని చేవ్రాలు చేయుటకు ముందు, మీరు వ్రాసిన విన్నపమును వారి యెదుట తెలుగున చదివి చెప్పుడు. కాగితముపై వ్రాసినను, చేతియంత్రముపై వ్రాసినను ఈ పని మానకుడు. ప్రతి వాక్యమును "ఉన్నదా, కావలయునా?" అని ప్రశ్నింపుడు. "కావలయును" అని చెప్పవలసిన చోట మీ ఆంగ్లము "ఉన్నది" అని చెప్పుచున్నయెడల, ఆ మాటను కొట్టివేసి బి అని వ్రాయుడు. ఇందులకు అరనిముసము పట్టును. ఆ రైతు ఇంట నా అరనిముసము చాలకపోవుటచేతనే పెయ్య కట్టుకొయ్యను విడిచిపోయెను.