తడబడిన అడుగు

పోయిన శనివారం మా అక్కతో అలిపిరి మెట్లదారిన కొండ ఎక్కాను. మెట్లు 3,550, నడక సుమారు 9 కిలోమీటర్లు. తలయేరు గుండుకు మోకాళ్లు ఆనించి, నొప్పులు రానీయకు స్వామీ అని మొక్కుకుని మరీ బయలుదేరాం. గాలిగోపురం దాటాక దారి చదునుగా ఉంటుంది. అక్కడ, హాయిగా కబుర్లాడుతూ నడుస్తుండగా నా కాలు రాయికి తట్టింది. నోట "గోవిందా" రాకముందే నాలుగడుగులు పరుగెత్తి, చేతులు గాలిలో ఆడించి, ఎట్లాగో ఆగాను. వెనక పిల్లలెవరో కిసుక్కున నవ్వారు.

"దెబ్బ తగిలిందేమిరా?" అంది అక్క.

"లేదక్కా, నిలదొక్కుకున్నా."

"నువ్వు యాడ నిలదొక్కుకున్నావు? కాళ్లే నిలబెట్టినాయి."

నిజమే. నడిచేటప్పుడు, కాలు ముందుకు ఊగే మధ్యలో, కాలివేళ్లు నేలకు అంగుళం ఎత్తున కూడా ఉండవు. అంచేత చిన్న రాయి చాలు. తగిలిన కబురు వెన్నుపాముకు చేరి, సుమారు సెకండులో పదోవంతులోనే కండరాలు బిగుస్తాయి. ఆలోచన తర్వాత వస్తుంది, సిగ్గు ఇంకా తర్వాత! అడుగు ఎత్తిన కొత్తలో తగిలితే ఆ కాలే ఇంకా పైకి లేచి రాయిని దాటేస్తుంది. అడుగు పడబోయే ముందు తగిలితే ఆ కాలు చటుక్కున నేలకు దిగిపోతుంది, రెండోది ముందుకు దూకుతుంది. ఈలోగా నేలమీదున్న కాలు గట్టిగా తన్నిపట్టి, తూలిపోతున్న ఒంటిని ఆపుతుంది. తల ఎటు ఒరిగిందో లోపలిచెవి చెబుతూనే ఉంటుంది.

అక్కకు డెబ్బై రెండేళ్లు. ఆ వయసులో రెండో అడుగు ఆలస్యంగా, పొట్టిగా పడుతుంది. పోయిన ఏడాది వాకిట్లోనే తట్టుకుని పడి మణికట్టు విరిగింది. చెయ్యి అతికింది గాని భయం పోలేదు. వీధిలోకి రావడం మానేసింది. కదలకపోతే కాళ్ల సత్తువ ఇంకా తగ్గుతుందని డాక్టరు మందలించాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం నేర్పాడు. ఆరునెలలు, పొద్దున పది, సాయంత్రం పది. మనవరాలు లెక్కపెట్టేది. ఒకటి ఎగ్గొడితే ఒప్పుకునేది కాదు.

మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిలువుగా ఉంటాయి. రామానుజులవారు అక్కడ మోకాళ్లమీద ఎక్కారని చెబుతారు. సగం ఎక్కాక అక్క పాదం మెట్టు అంచుకు తగిలింది. నేను చెయ్యి చాచేలోగా రెండోకాలు పైమెట్టుమీద పడింది. ఒక్క క్షణం ఊగి, నిలబడింది.

"దెబ్బ తగిలిందా అక్కా?"

"నన్నేం అడుగుతావురా, కాళ్లనడుగు" అని ఇంకో మెట్టు ఎక్కింది.