చెత్త మన ఊరికొస్తానంటే...

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవారికి చిల్లకల్లు అంటే టోల్‌గేటే గుర్తొస్తుంది. అక్కణ్నుంచి జగ్గయ్యపేట వైపు తిరిగితే దృశ్యం మారిపోతుంది. పత్తి, మిర్చి పండే మెట్ట పొలాలు. వాటి కింద సున్నపురాయి. ఆ రాయి కోసం వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీలు. ఇటు జయంతిపురం, అటు ముక్త్యాల. రాష్ట్ర సరిహద్దు దాటితే మేళ్లచెరువు, మఠంపల్లి. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పేరు మారినా దుమ్ము మారలేదు. కళ్లంలో ఎండబోసిన మిర్చి మీద ఆ దుమ్ము పడితే రంగు తగ్గుతుందేమోనన్న రైతు బెంగ కూడా మారలేదు.

ఈ ఫ్యాక్టరీల కొలిమికి ఇన్నాళ్లూ బొగ్గే తిండి. ఇప్పుడు దానికి తోడుగా మరో సరుకు వస్తోంది. అదే పట్నం చెత్త!

అలాగని లారీలో తెచ్చి నేరుగా కొలిమిలో గుమ్మరించరు. ఇళ్లనుంచి వచ్చిన చెత్తలో రాళ్లు, మట్టి, గాజు, ఇనుము ఏరేస్తారు. తడి తీస్తారు. మిగిలిన ప్లాస్టిక్ సంచులు, గుడ్డపీలికలు, కాగితం, అట్టముక్కలు ముక్కలు చేస్తారు. అలాగే వదులుగా పంపిస్తారు లేదా నొక్కి బిళ్లలు చేస్తారు. దీన్నే ఆర్డీఎఫ్ అంటారు. చెత్త నుంచి తీసిన ఇంధనం అన్నమాట.

2016 ఏప్రిల్ 8న కేంద్రం ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. అందులో ఒక వాక్యం చిల్లకల్లు లాంటి ఊళ్లకోసమే రాసినట్టుంటుంది. ఆర్డీఎఫ్ తయారయ్యే చోటికి వంద కిలోమీటర్ల లోపు ఉన్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాంతో భర్తీ చేయాలి. విజయవాడ మీద వృత్తలేఖిని ముల్లు గుచ్చి వంద కిలోమీటర్ల గీత గీయండి. నందిగామ, చిల్లకల్లు, జగ్గయ్యపేట, సరిహద్దు అవతల మేళ్లచెరువు... అన్నీ లోపలే! రాజధాని ప్రాంతంలో ఎక్కడ ఆర్డీఎఫ్ కేంద్రం పెట్టినా ఈ గీత తప్పదు.

ఆ గీత గీసేటప్పుడు ఊరివాళ్లను ఎవరైనా అడిగారా? అడిగారనే చెప్పాలి. ముసాయిదా 2015లో ప్రకటించారు. అభ్యంతరాలు పంపమన్నారు. గెజిట్‌లో, ఇంగ్లిషులో, హిందీలో! కళ్లంలో మిర్చి తిరగేస్తున్న మనిషి గెజిట్ చదువుతాడా?

ఇంతకీ ఆ చెత్త మంచిదా, చెడ్డదా? ఆవేశం పక్కనపెట్టి కొంచెం లెక్క చూడాలి. మన ఇంటి బుట్టలో సగానికి పైగా తడి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, మామిడి టెంకలు. పచ్చికట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుంది? పొగ తప్ప మంట రాదు. మన మునిసిపాలిటీల చెత్త కథ కూడా అంతే. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. వాళ్ల చెత్తకు తయారుచేసిన యంత్రం మన చెత్తతో కొద్దికాలానికే చతికిలబడింది.

మనకూ ఆ అనుభవం ఉంది. 2003 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో రెండు ప్లాంట్లు మొదలయ్యాయి. హైదరాబాద్ చెత్తతో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్లది ఒకటి. విజయవాడ, గుంటూరు చెత్తతో విజయవాడలో 6 మెగావాట్లది మరొకటి. దేశమంతా వీటిని చూసి రమ్మని అధికారులను పంపించారు. రెండేళ్లు తిరక్కముందే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. పట్టణాల చెత్త మీద 1996లో అల్మిత్రా పటేల్ వేసిన వ్యాజ్యం అప్పటికింకా నడుస్తోంది. నిజంగా చెత్తతోనే కరెంటు వస్తోందా, ఊకా పొట్టూ కలిపి నడిపిస్తున్నారా, ప్రజల సొమ్ము రాయితీగా ఎందుకివ్వాలి అన్న ప్రశ్నలు అందులోకి వచ్చాయి. 2005 మేలో కోర్టు కొత్త ప్రాజెక్టులకు రాయితీలు ఆపమంది. నిపుణుల కమిటీ చూశాక 2007 మేలో ప్రయోగాత్మకంగా అయిదింటికి మాత్రం అనుమతిచ్చింది. విజయవాడ ప్లాంటు ఎక్కువకాలం నడవలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు కొండవీడు దగ్గర నాయుడుపేటలో, విశాఖపట్నం కాపులుప్పాడలో 15 మెగావాట్ల చొప్పున కొత్తవి వచ్చాయి.

సిమెంటు కొలిమి సంగతి వేరు. ఇది చెప్పకపోతే అన్యాయమవుతుంది. క్లింకరు తయారవ్వాలంటే లోపల 1450 డిగ్రీల వేడి కావాలి. మంట అయితే అంతకంటే ఎక్కువే. అంత వేడిలో ఎక్కువసేపు ఉంటే మామూలు మంటల్లో పుట్టే విషవాయువులు చాలావరకు విడిపోతాయి. కాలాక బూడిద మిగలదు. అదీ సిమెంటులో కలిసిపోతుంది. గుట్టగా పడేసిన చెత్త ఎండాకాలంలో తనంతట తానే అంటుకుని రోజుల తరబడి పొగచిమ్మడం మన పట్టణాల్లో ఎవరు చూడలేదు? దాంతో పోలిస్తే కొలిమి నయమే. కాకపోతే, సరిగ్గా నడిపితే!

తిరకాసంతా ఆ ‘సరిగ్గా’లోనే ఉంది. చెత్తలో పీవీసీ ఉంటే క్లోరిన్ వస్తుంది. చల్లబడేటప్పుడు అది డయాక్సిన్లుగా మారే ప్రమాదం ఉంది. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు కలిస్తే పాదరసం, కాడ్మియం గొట్టంలోంచి పైకెళ్తాయి. అందుకే 2016 మేలో వ్యర్థాలు కలిపి కాల్చే సిమెంటు ఫ్యాక్టరీలకు విడిగా పరిమితులు పెట్టారు. ఘనపు మీటరు గాలిలో దుమ్ము 30 మిల్లీగ్రాములు దాటకూడదు. పాదరసం 0.05 మిల్లీగ్రాములు. డయాక్సిన్లయితే 0.1 నానోగ్రామే. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు! దుమ్ము రీడింగు యంత్రం పెట్టి గంటగంటకూ చూడొచ్చు. డయాక్సిన్లకు ఆ వీలు లేదు. ఎప్పుడో ఒకసారి శాంపిల్ తీసి, ఖరీదైన ల్యాబుకు పంపాలి. ఆ ఒక్కరోజు కొలిమిలో ఏం వేశారన్నది శాంపిల్ చెప్పదు.

కాబట్టి ఊరు అడగాల్సింది కొలిమి గురించి మాత్రమే కాదు. లారీలో ఏమొస్తోంది? ఎక్కణ్నుంచి? రోజుకెన్ని టన్నులు? షెడ్డులో ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? వానకు తడిస్తే ఆ నీరు ఏ వాగులోకి పోతుంది? పాలేరులోకా, కృష్ణలోకా?

అడిగే చోటు ఒకటుంది. ప్రజాభిప్రాయ సేకరణ. ఫ్యాక్టరీ కొత్తగా పెట్టినా, విస్తరించినా, గనులు తవ్వినా 2006 సెప్టెంబరు 14న వచ్చిన పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం చాలావాటికి ఇది తప్పనిసరి. సిమెంటు ఊళ్లవాళ్లకు ఆ సభలు కొత్త కాదు. షామియానా వేస్తారు, ప్లాస్టిక్ కుర్చీలు, పోలీసులు. ముందు వరుసలో నాయకులు. ఉద్యోగాలు కావాలనే కుర్రాళ్లు ఒకవైపు, బోర్లు ఎండిపోయాయనే రైతులు మరోవైపు. మైకు కోసం తోపులాట. మధ్యాహ్నానికి అయిపోయిందనిపిస్తారు.

ఆ సభకు చట్టంలో ఉన్న బలం చాలామందికి తెలీదు. 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. పత్రికలు చేరని ఊళ్లలో దండోరా వేయించాలి. ఇంపాక్ట్ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరాఫీసులో, జిల్లాపరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి పెట్టాలి. కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో, ఇదే అసలైంది, వచ్చిన అభ్యంతరాలన్నీ స్థానిక భాషలో చదివి వినిపించాలి. సంతకం అదేరోజు పడాలి. మీరు చెప్పిన మాట రాసుకోలేదనుకోండి, అక్కడికక్కడే నిలదీయొచ్చు. ‘చదవండి’ అని గట్టిగా అడిగితే చాలు, సభ నడిచే తీరే మారుతుంది. ఎంతసేపటికీ భోజనాల దగ్గరికి పరుగెత్తడం వల్ల పోతున్న హక్కు ఇది.

బలహీనతలూ ఉన్నాయి. కోరం అక్కర్లేదు. పదిమంది వచ్చినా సభ చెల్లుతుంది. అది ఓటింగూ కాదు. వెయ్యిమంది వద్దన్నంత మాత్రాన ఫ్యాక్టరీ ఆగదు. కంపెనీ మాత్రం ప్రతి అభ్యంతరానికీ జవాబు రాసి నివేదికలో చేర్చాల్సిందే. నిపుణుల కమిటీ అది చూడాల్సిందే.

ఇంత చెప్పాక ఒక మెలిక. బొగ్గు బదులు చెత్త వేయడానికి ఈ సభ పెడతారా? సాధారణంగా పెట్టరు. సిమెంటు ఫ్యాక్టరీ ఇంధనం బొగ్గయినా, పెట్‌కోకయినా, రెండూ కలిపినా, వ్యర్థాలు కలిపి కాల్చినా ప్రమాణాలు పాటిస్తే సరిపోతుందని అదే నోటిఫికేషన్‌లో తర్వాత చేర్చారు. అప్పటికే నడుస్తున్న ఫ్యాక్టరీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో ముందుకెళ్తుంది. గోడకు ఇవతల ఉన్న ఊరికి ఆ కాగితం సంగతి తెలిసేది లారీ వచ్చాకే. ఉత్పత్తి పెంచితే ఊరిని అడగాలి, కాల్చేది మారిస్తే అక్కర్లేదు... ఏం న్యాయమిది? ఊరి గాలికి టన్నుల లెక్క కంటే కాల్చే సరుకే ముఖ్యం కదా.

టైర్ల సంగతి చూస్తే ఈ భయం ఉత్తుత్తిది కాదని తెలుస్తుంది. పాత టైర్లను గాలి తగలకుండా మరిగించి నూనె తీసే పద్ధతి ఉంది. పైరాలిసిస్ అంటారు. కాగితం మీద చక్కటి విద్య. 2019లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు ఇచ్చిన లెక్కలో దేశంలో ఇలాంటివి 637 ఉంటే, నిబంధనలు పాటిస్తున్నవి సగం కూడా లేవు. 116 మూతపడ్డాయి. విద్య మంచిదే. కాపలా లేదు.

అందువల్ల ఊరు నోరు విప్పాల్సిన చోటు ఫ్యాక్టరీ గేటు కాదు, నిబంధన రాసే బల్ల. పర్యావరణ చట్టం కింద ఏ నిబంధన తేవాలన్నా మామూలుగా ముసాయిదా ప్రకటించి 60 రోజులు గడువిస్తారు. ఎవరైనా రాయొచ్చు. 2020 మార్చిలో ప్రభావ నోటిఫికేషన్‌నే మార్చే ముసాయిదా వచ్చింది. సభకు ముందు ఇచ్చే 30 రోజుల నోటీసును 20కి కుదించాలన్నది అందులో ఒకటి. సరిగ్గా కరోనా లాక్‌డౌన్ రోజులు. అయినా దేశం నలుమూలల నుంచీ లక్షల్లో అభ్యంతరాలు వెల్లువెత్తాయి. పంపినవాళ్లలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. ఆ ముసాయిదాను తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకీ అనువదించాలని, గడువు ఆగస్టు 11 దాకా పెంచాలని ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అనువాదం ఎందుకని కేంద్రం సుప్రీంకోర్టుకెళ్లింది! రైతుకు అర్థమయ్యే భాషలో కాగితం అడిగితే అంత పెద్ద కోర్టు దాకా వెళ్లాలా అనిపిస్తుంది కదూ.

చెత్త నిబంధనల విషయంలో అంత సందడి జరగలేదు. 2024 డిసెంబరులో కొత్త ముసాయిదా వచ్చింది. అరవై రోజులు గడిచాయి. 2026 జనవరిలో తుది నిబంధనలు ప్రకటించారు. 2016 నాటి వాటి స్థానంలో ఏప్రిల్ 1 నుంచి ఇవే. ఇంట్లోనే చెత్తను నాలుగు రకాలుగా విడదీయాలన్నది అందరికీ తెలిసిన ముక్క. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. పేపర్లలో పతాక శీర్షికైంది అదే. సిమెంటు ఫ్యాక్టరీల్లాంటి పరిశ్రమలు ఘన ఇంధనంలో వాడాల్సిన ఆర్డీఎఫ్ 5 శాతం నుంచి ఆరేళ్లలో 15 శాతానికి పెరగాలన్నది లోపలి పేజీలోకి వెళ్లింది. చిల్లకల్లుకు కావాల్సింది మాత్రం లోపలి పేజీయే. మూడింతలంటే లారీలూ మూడింతలు.

ఆ రెండో ముక్క బాగుండాలంటే మొదటి ముక్క నిలబడాలి. విజయవాడ అపార్టుమెంటులో పాత బ్యాటరీని పొడిచెత్తలో పడేసిన చెయ్యికీ, డెబ్బై కిలోమీటర్ల అవతల మిర్చి కళ్లానికీ ఉన్న చుట్టరికం అదే.

ఈసారి మీ మండలంలో ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో చిన్న అక్షరాల ప్రకటన కనబడితే తేదీ రాసుకోండి. సభకు వెళ్లలేకపోతే కాలుష్య నియంత్రణ మండలికి ముందే ఉత్తరం రాయొచ్చు, తెలుగులోనే. కొలిమిలో ఏమేం వేస్తారు, ఎంత వేస్తారు, డయాక్సిన్ల శాంపిల్ చివరిసారి ఎప్పుడు తీశారు, ఆ ఫలితం పంచాయతీ బోర్డు మీద ఎందుకు అంటించరు? ఈ నాలుగే రాయండి. నకలు మీ దగ్గర ఉంచుకుని, ఇచ్చినట్టు రసీదు అడగండి. సభలో మినిట్స్ చదివేటప్పుడు మీ ఉత్తరం ప్రస్తావన వచ్చిందో లేదో దాన్నిబట్టే తేలుతుంది.